జానపద కథాగానంలో వాద్యధ్వని: కారేపల్లి – భద్రాచలం అడవి అంచు వాద్యాల ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

తెలుగు జానపద సాహిత్య పరిశోధన పాటను, కథను సేకరించినంత శ్రద్ధగా వాటితో పాటు పుట్టిన వాద్యధ్వనిని పరిశీలించలేదు. వాద్యం పేరు, దాన్ని వాయించే కులం లేదా తెగ, వాయించే సందర్భం నమోదు చేయడంతో వాద్య ప్రస్తావన ముగుస్తోంది. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున వినిపించే డోలు, డప్పు, జమిడిక, కొమ్ము మొదలైన వాద్యాలలో ధ్వని ఎలా పుడుతుందో భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలించి, ఆ పరిశీలన లేకపోవడం వల్ల కథాగాన విమర్శలో ఏర్పడిన లోపాలను చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కథాగానం, వాద్యధ్వని, అనురణనం, తన్యత, అనునాదం, జమిడిక, కోయ డోలు, ధ్వనిముద్రణ.

1. ఉపోద్ఘాతం

ఖమ్మం జిల్లా సింగరేణి మండల కేంద్రమైన కారేపల్లి, డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్‌కు పోయే రైలుమార్గంలో ఇల్లెందు వైపు దారి చీలే చోట ఉంది. కోయ గూడేలు, లంబాడా తండాలు, మైదానపు ఊళ్లు ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. కోయల డోలు, లంబాడాల నంగారా, ఊరి డప్పు ఒకదాని వినికిడి పరిధిలో మరొకటి ఉండే ప్రాంతమిది. గూడెంలో పండుగ జరుగుతున్నదని పక్క ఊరికి తెలిపేది మాట కాదు, పాట కూడా కాదు. ముందుగా డోలు మోతే చేరుతుంది.

దీనికి భౌతిక కారణం ఉంది. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. సెకనుకు 100 కంపనాలున్న ధ్వనికి తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు, 3000 కంపనాలున్న ధ్వనికి సుమారు 11 సెంటీమీటర్లు మాత్రమే. పొడవైన తరంగాలు చెట్ల కాండాలను చుట్టుకొని సాగిపోతాయి. పొట్టి తరంగాలు ఆకులకు, కొమ్మలకు తగిలి చెదురుతాయి; గాలి కూడా వాటినే ఎక్కువగా పీల్చుకుంటుంది. క, చ, త, స వంటి హల్లులను విడివిడిగా గుర్తుపట్టడానికి చెవి ఆధారపడేది ప్రధానంగా 2000 హెర్ట్జ్‌లు దాటిన ఈ ఎగువ భాగం మీదనే. అందువల్ల అడవిలో దూరం పెరిగేకొద్దీ ముందు హల్లులు పోతాయి, తరువాత మాట పోతుంది, ఆపైన రాగపు వరుస పోతుంది, చివరిదాకా డోలు దరువు మిగులుతుంది.

పరిశోధనలో జరిగింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. గ్రంథస్థం చేసినప్పుడు మొదట పోయినది డోలు దరువు. మిగిలినది మాట.

2. పేరు వాద్యానిది, అధ్యయనం పాటది

తెలుగు కథాగాన రూపాల పేర్లను ఒకసారి పరిశీలించాలి. ఒగ్గు అంటే శివుని చేతి డమరుకమని చెబుతారు. దాని పేరున ఒగ్గుకథ. బుర్ర అంటే తంబురకు అడుగునుండే గుల్ల భాగం. దాని పేరున బుర్రకథ. జముకు పేరున ఉత్తరాంధ్ర జముకులకథ. కథానాయకుడి పేరునగాని, ఛందస్సు పేరునగాని, రసం పేరునగాని కాక, ధ్వనిని పుట్టించే వస్తువు పేరున ప్రజలు ఈ ప్రక్రియలను గుర్తించారు. ప్రక్రియా నిర్ణయంలో ప్రజలు పాటించిన ఈ ప్రమాణాన్ని విమర్శ పట్టించుకోలేదు.

ఆచార్య బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడింది. తరువాతి పరిశోధనలన్నింటికీ అది పునాది. దాని పరిధి పేరులోనే ఉంది: గేయం, సాహిత్యం. జానపదుల పాటను సాహిత్యంగా అంగీకరింపజేయవలసిన కాలంలో పాఠానికి ప్రాధాన్యమివ్వడం అవసరమే కాక అనివార్యం కూడా. ఆ అవసరం తీరిన తరువాత కూడా అదే పద్ధతి కొనసాగడమే ఆక్షేపణీయం. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు' వంటి బృహత్సంకలనాల వల్ల వాద్యాల పేర్లు, ప్రదర్శన వివరాలు విస్తృతంగా లభించాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు వాద్యాలనే వస్తువులుగా సేకరించి భద్రపరిచారు. అంటే పేరు దొరికింది, వస్తువు దొరికింది. ఆ వస్తువు అలాగే ఎందుకు మోగుతుందన్న ప్రశ్న మాత్రం సాహిత్య విద్యార్థి ముందుకు రాలేదు.

ఈ అలవాటు కొత్తది కాదు. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో వాద్యాల పేర్లను వరుసగా చెప్పుకుపోయాడు. కవికి కావలసింది శ్రీశైల సంరంభం, వాద్యనిర్మాణం కాదు. కనుక ఆయనను తప్పుపట్టడానికి వీల్లేదు. అయితే ఆ పేర్లలో కొన్నింటికి నేడు రూపాన్ని నిర్ణయించడం కష్టం. పేరు మాత్రమే నమోదైన వాద్యం ఏడు శతాబ్దాల తరువాత ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. నేటి సిద్ధాంతగ్రంథాలలోని వాద్యాల పట్టికలు కూడా ఇదే పని చేస్తున్నాయి.

3. ధ్వని అన్న మాట

తెలుగు శాఖల్లో ధ్వని అనగానే గుర్తుకు వచ్చేది ఆనందవర్ధనుడు. 9వ శతాబ్దికి చెందిన ధ్వన్యాలోకంలో వ్యంగ్యార్థ స్ఫురణకు అనురణనం పోలిక అయింది. గంట కొట్టిన దెబ్బ ఆగిన తరువాత కూడా మోగు సాగినట్టు, వాచ్యార్థం తెలిసిన తరువాత వ్యంగ్యార్థం స్ఫురిస్తుంది. ఈ పోలికను ప్రతి సాహిత్య విద్యార్థీ పరీక్షలో రాస్తాడు. గంటను వినడం మాత్రం పాఠ్యప్రణాళికలో లేదు.

గంటను, కంచుతాళాన్ని విన్నప్పుడు ఆ పోలిక మరింత లోతుగా తెలుస్తుంది. దెబ్బ పడిన క్షణంలో లోహం ఒకే విధంగా కాక అనేక విధాలుగా ఒకేసారి కంపిస్తుంది. వాటిలో ఎగువ పౌనఃపున్యాలు గల కంపనాలు త్వరగా అణగిపోతాయి. దిగువవి చాలాసేపు నిలుస్తాయి. దెబ్బలో వినిపించిన ధ్వని వేరు, మోగులో మిగిలిన ధ్వని వేరు. అనురణనం తొలి దెబ్బకు బలహీనమైన నకలు కాదు. తొలి దెబ్బలో కలిసి ఉండి, అప్పటికి విడిగా వినిపించని అంశం తరువాత బయటపడడం. వాచ్యం కన్న వ్యంగ్యం భిన్నమైనదన్న ఆలంకారికుల వాదానికి ఇది చక్కగా అనువైన భౌతిక సత్యం. రాగికి సుమారు ఐదో వంతు తగరం కలిపిన కంచు గట్టిపడుతుంది. లోపలి రాపిడి వల్ల పోయే శక్తి అందులో తక్కువ. కంచు మోగినట్టు కనకం మోగదన్న లోకజ్ఞానం వెనక ఉన్నది ఇదే.

4. తోలు, నిప్పు, పుల్ల

ఈ ప్రాంతపు ధ్వనిలో అధిక భాగం తోలుది. బిగించిన పొర మీద దెబ్బ పడితే ఆ పొర కొన్ని నిర్దిష్ట పద్ధతులలో కంపిస్తుంది. ఆదర్శ వృత్తాకార పొరలో మొదటి కంపనాన్ని 1 అనుకుంటే తరువాతివి సుమారు 1.59, 2.14, 2.30, 2.65 నిష్పత్తులలో ఉంటాయి. తీగలో ఈ నిష్పత్తి 1, 2, 3, 4గా ఉంటుంది. తీగ పలికే అతిస్వరాలు మూలస్వరానికి పూర్ణ గుణిజాలు కావడంతో చెవికి ఒకే స్వరంగా కలిసిపోతాయి. పొరవి అలా కలవవు. అందుకే తీగకు శ్రుతి స్పష్టం. సాదా తోలుకు అస్పష్టం.

సి.వి. రామన్ 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలోను, తరువాత 1934లో విపులంగాను మృదంగం, తబలా గురించి వివరించింది ఈ విషయాన్నే. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యాపకుని కుమారుడుగా తొలి చదువులు ఆ ఊళ్లో సాగించిన రామన్, పొర మీద పూసే నల్లని కరణి వల్ల దాని బరువు పంపిణీ మారి, అతిస్వరాలు తీగలోవలె పూర్ణ నిష్పత్తులకు చేరుతున్నాయని నిరూపించాడు. భారతీయ వాద్యకారుల పరిజ్ఞానానికి ఆధునిక శాస్త్రం ఇచ్చిన గొప్ప సాక్ష్యమది.

అయితే ఈ ఫలితాన్ని విలువల నిచ్చెనగా మార్చుకొనే ప్రమాదం ఉంది. కరణి ఉన్నది నాదం, లేనిది మోత అన్న అభిప్రాయం రామన్ కొలతలలో లేదు. అది సభా సంగీతపు అభిరుచిలో ఉంది. డప్పుకు శ్రుతి అస్పష్టం కావడం లోపం కాదు, స్వభావం. శ్రుతి కట్టని ధ్వని ఏ శ్రుతిలో పాడేవారికైనా తోడు నిలుస్తుంది. గొంతు మారినా, రాత్రి గడిచేకొద్దీ గాయకుని శ్రుతి దిగినా డప్పును మార్చవలసిన పని లేదు. గుంపుగా పాడే పాటకు, రాత్రంతా సాగే కథకు ఇటువంటి వాద్యమే తగినది.

డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచడాన్ని పరిశోధన వ్యాసాలు తరచు ఆచారంగా పేర్కొంటాయి. దానికి ఆచారపు విలువ ఉండవచ్చు. ముందుగా అది శ్రుతి చేసే పద్ధతి. వేడికి తోలులోని తేమ పోయి తన్యత, అంటే బిగువు, పెరుగుతుంది. పౌనఃపున్యం తన్యత వర్గమూలాన్ని అనుసరిస్తుంది. తన్యత నాలుగింతలైతేగాని ధ్వని ఒక స్థాయి పైకి పోదు. కాచిన కొద్దిసేపట్లోనే డప్పు గొంతు మారిందంటే తోలు ఎంతగా బిగిసిందో ఊహించవచ్చు. వానాకాలపు తేమకు, తెల్లవారుజాము మంచుకు ఆ బిగువు తిరిగి సడలుతుంది.

చేతి పుల్లలు కూడా ధ్వనిని నిర్ణయిస్తాయి. సిర్ర మందంగా ఉంటుంది. చిటికెన పుల్ల సన్నగా, తేలికగా ఉంటుంది. తేలికపాటి పుల్ల పొరను తాకి వెనక్కి వచ్చే సమయం తక్కువ కనుక ఎగువ కంపనాలు ఎక్కువగా పుడతాయి. దెబ్బ నడిమధ్య పడితే దిగువ కంపనాలది పైచేయి. అంచున పడితే ఎగువవాటిది. ఒకే తోలు మీద రెండు పుల్లలతో, రెండు మూడు చోట్లతో దరువు భాష తయారవుతుంది. దరువును అక్షరాలలో రాసుకున్న పరిశోధకుడు ఏ అక్షరం ఏ పుల్లది, ఏ చోటిది అన్నది చెప్పకపోతే ఆ రాత నుంచి దరువును మళ్లీ వాయించడం ఎవరికీ సాధ్యం కాదు. ప్రస్తుతం వాడకంలోకి వచ్చిన ప్లాస్టిక్ పొరకు కాచే పని లేదు, తేమ భయం లేదు. కాని దానిలో కంపనం అణిగే తీరు వేరు. తోలు గొంతు దానికి రాదు. 'వాద్యం మారలేదు, తోలు మాత్రమే మారింది' అన్న వాక్యం ఈ దృష్టితో చూస్తే అర్థరహితం.

5. చతుర్విధ వర్గీకరణ, జమిడిక

నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలుగా విభజించింది. దేనిలో కంపనం పుడుతున్నదన్నదే ఈ విభజనకు ఆధారం: తీగ, తోలు, ఘనపదార్థం, గాలి. 19వ శతాబ్ది చివర బ్రస్సెల్స్ వాద్యసంగ్రహాలయంలో మహిల్యాఁ చేసిన వర్గీకరణకు, దాని మీదుగా 1914 నాటి హార్న్‌బోస్టెల్ – సాక్స్ పద్ధతికి ఈ భారతీయ విభజన దారి చూపింది. ఇంత గట్టి భౌతిక దృష్టి ఉన్న విభజనను తెలుగు పరిశోధన నాలుగు గళ్ల పట్టికగా మాత్రమే వాడుకుంటోంది. పేరు ఏ గడిలో పడుతుందో చూడడంతో పని పూర్తవుతోంది.

ఆ పట్టికకు లొంగని వాద్యం జమిడిక. తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించే ఈ వాద్యం ఒకవైపు తోలు మూసిన గొట్టం. తోలు మధ్య నుంచి నరపు తీగ గొట్టం లోపలుగా వచ్చి అవతలి చివర చేతికి అందుతుంది. వాద్యకారుడు దాన్ని చంకలో ఇరికించి, ఒక చేత్తో తీగను లాగుతూ మరో చేత్తో మీటుతాడు. తోలు ఉంది కనుక అవనద్ధమా? తీగను మీటుతున్నారు కనుక తతమా? హార్న్‌బోస్టెల్, సాక్స్ దీని వంటివాటిని మీటే తోలు వాద్యాలుగా పరిగణించారు. వీటిని తంత్రీవాద్యాలుగానే చూడాలని తరువాతి వాద్యశాస్త్రజ్ఞులు వాదించారు.

ధ్వని పుట్టే క్రమాన్ని చూస్తే వివాదం సగం తీరుతుంది. మొదట కంపించేది తీగ. అది ఇటు ఊగినప్పుడు ఒకసారి, అటు ఊగినప్పుడు మరొకసారి సాగుతుంది. అంటే ఒక పూర్తి ఊపులో తోలును రెండు సార్లు లాగుతుంది. డిగ్రీ ప్రయోగశాలల్లో చేసే మెల్డీ ప్రయోగంలో, దారం పొడవు వెంట కంపించే శ్రుతిదండం దారాన్ని తన పౌనఃపున్యంలో సగంతో ఊపుతుంది. జమిడికలో ఆ సంబంధమే తలకిందులుగా పనిచేస్తుంది. సన్నని తీగ తనంత తాను గాలిని కదపలేదు. వెడల్పైన తోలు ఆ పని చేస్తుంది. తీగ పలుకుతుంది, తోలు వినిపిస్తుంది. రెండు గళ్లలో ఏదో ఒకటి ఎంచుకోవాలన్న పట్టుదలే ఇక్కడ పొరపాటు.

సాహిత్య విమర్శకు దీనివల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్న రావచ్చు. చేతి బిగువును మార్చుతూ మీటినప్పుడు జమిడిక శ్రుతి మెట్లు లేకుండా జారుతుంది. మనిషి గొంతు ప్రశ్నలో పైకి, నిట్టూర్పులో కిందికి జారినట్టే ఇదీ జారుతుంది. మెట్లున్న వాద్యానికి ఇది సులభం కాదు. కనుక కథకుని వాక్యానికి బదులు చెప్పగల శక్తి జమిడికకు నిర్మాణంలోనే ఉంది. దేవత పలికే ఘట్టంలో వాద్యం మాట అందుకున్నట్టు శ్రోతకు అనిపించడానికి నమ్మకం ఒక్కటే కారణం కాదు. అక్కడ అచ్చులో 'వాద్యం' అని కుండలీకరణాలలో రాసి వదిలేస్తే సంభాషణలో ఒక పాత్రను తొలగించినట్టే.

మిగిలిన వాద్యాలలోనూ ఇటువంటి విశేషాలున్నాయి. బుర్రకథ వంతల చేతి గుమ్మెటకు ఒకవైపు తోలు, రెండవవైపు తెరిచిన మూతి. మూతిని అరచేత్తో మూసేకొద్దీ లోపలి గాలి అనునాద పౌనఃపున్యం దిగుతుంది, తెరిచేకొద్దీ పెరుగుతుంది. 'తందాన' వెంట వినిపించే ఆ గుమగుమ అరచేతిది. దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీతో పాటు ప్రచారం తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెరలో తీగ కంపనాన్ని వెదురు దండె ఎండిన ఆనపకాయ బుర్రలకు చేరవేస్తుంది. ఊదే కొమ్ములో పెదవులే కంపకాలు. కొననుంచి మూతివైపు వెడల్పయ్యే గాలిస్తంభం వాటి కంపనాన్ని కొన్ని స్వరాలకే కట్టివేస్తుంది. అందుకే కొమ్ము రాగం పలకదు, పిలుస్తుంది. అన్నట్టు, కొమ్ముకోయ నృత్యంలోని కొమ్ము తలమీద ధరించే అడవిదున్న కొమ్ము. జాతరలో ఊదే తూతకొమ్ము వేరు. పేరును మాత్రమే నమ్ముకున్న పట్టికలో ఈ రెండూ సులభంగా ఒకటైపోతాయి.

6. ముద్రణలో మిగిలేది

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయల డోలి సంప్రదాయంలో కంచుమేళం, కంచుతాళం కళాకారుడు. సమ్మక్క, సారలమ్మ వంటి వీరుల కథలను గానం చేసినవాడు. 2022లో పద్మశ్రీ పొందిన ఆయన 2024 జూన్‌లో మరణించాడు. ఇటువంటి కళాకారుల తరువాత అధ్యయనానికి మిగిలేవి ధ్వనిముద్రణలే. వాటి నాణ్యత ఇకపై సాంకేతిక విషయం మాత్రమే కాదు, పాఠపరిష్కరణ సమస్య.

క్షేత్రపర్యటనలో నేడు ఎక్కువగా వాడేది మొబైల్ ఫోను. ఫోను స్పీకరు చిన్నది. డోలు మూలకంపనం ఉండే దిగువ పౌనఃపున్యాలను అది దాదాపు పలకలేదు. ఇక్కడ ఒక అసమానత గమనించదగినది. వీణను, గొంతును అదే స్పీకరులో విన్నప్పుడు మూలస్వరం బలహీనపడినా, పూర్ణ నిష్పత్తిలో ఉన్న అతిస్వరాల నుంచి చెవి ఆ మూలస్వరాన్ని తానే కల్పించుకుంటుంది. కరణి ఉన్న మృదంగానికీ కొంతవరకు ఆ సౌకర్యం ఉంది. కరణి లేని డోలుకు, డప్పుకు అతిస్వరాలు ఆ నిష్పత్తిలో ఉండవు కనుక చెవికి అంతగా వీలుండదు. ఒకే పరికరం సభా సంగీతాన్ని చాలావరకు నిలిపి, గూడెపు డోలును టకటకగా మార్చివేస్తుంది. ఆ ముద్రణను విన్న విద్యార్థి 'వాద్య సహకారం స్వల్పం' అని రాస్తే, ఆ వాక్యం స్పీకరు గురించి రాసినదవుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఫోనులోని ధ్వని నియంత్రణ పెద్ద శబ్దం రాగానే మొత్తం స్థాయిని తగ్గిస్తుంది, నెమ్మది కాగానే పెంచుతుంది. కథకుడు గుసగుసలాడిన చోటు, డోలు ఉప్పొంగిన చోటు ఒకే ఎత్తుకు వస్తాయి. గోలను తొలగించే సదుపాయం ఆన్‌లో ఉంటే అది మాటను కాపాడి, మాట కానిదాన్ని అణచివేస్తుంది. సాహిత్య పరిశోధన చేతితో చేసిన ఎంపికనే ఇక్కడ యంత్రం చేస్తోంది.

భౌతికశాస్త్రం సాహిత్యాధ్యాపకుల పని కాదన్న అభ్యంతరం సహజమే. అయితే అదే కళాశాలలో, తరచు అదే వరండాలో భౌతికశాస్త్ర శాఖ ఉంటుంది. ధ్వని వర్ణపటాన్ని చూపే ఉచిత యాప్‌లు విద్యార్థుల ఫోనుల్లోనే నడుస్తాయి. సమీకరణాలు సాధించడం కన్నా ముందు చేయవలసినవి చిన్న పనులు. మైకును గాయకుని ముందొకటి, వాద్యానికి ఎదురుగా మరొకటి పెట్టాలి, దూరం రాసుకోవాలి, స్వయంచాలక నియంత్రణను ఆపాలి. పొర ఏ జంతువు తోలు, వ్యాసం ఎంత, మందం ఎంత, ఏ పుల్ల ఎక్కడ పడింది అన్నవి వాద్యకారునే అడగాలి. ఆయన చెప్పే మాటలు, తోలు 'దిగింది', 'ఎక్కింది', 'పలకడం లేదు' వంటివి, ఈ విషయంలో ఇప్పటికే ఉన్న తెలుగు పరిభాష. వాటిని సేకరించడం తెలుగు శాఖ పనే.

అన్నింటికన్నా ముందు సమయం నమోదు చేయాలి. రాత్రి కథ మొదలైనప్పుడు కాచిన డప్పు అర్ధరాత్రికి ఒక గొంతుతో, తెల్లవారుజాము మంచులో మరొక గొంతుతో మోగుతుంది. వాద్యకారుడు కథను ఎక్కడ ఆపి మళ్లీ మంట దగ్గరికి వెళ్లాడో, ఆ విరామంలో కథకుడు ఏ ఉపకథను అందుకున్నాడో పక్కపక్కన రాసుకుంటే, కథ నిర్మాణంలో ఏ భాగం ఇతివృత్తం వల్ల వచ్చిందో, ఏ భాగం తోలు చల్లబడడం వల్ల వచ్చిందో పోల్చి చూడవచ్చు. సిద్ధాంతగ్రంథం అనుబంధంలో దానికి ఒక పేజీ సరిపోతుంది.